పురుగులు ఎప్పుడు పుట్టాయి, మిరపకాయకు కారం ఎందుకు వచ్చింది

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ప్రత్తిపాడు దగ్గర మూడెకరాల మిర్చికి ఈ ఏడు పదకొండు సార్లు మందు కొట్టినా, పువ్వులో దాగి పంటను పాడుచేసే నల్ల తామర పురుగు పోలేదని రాసి, అసలు పురుగులనేవే ఎప్పుడు, ఎలా పుట్టాయని మొదట అడిగారు. అవి లోకంలో లేకుండా పోతే మనిషికి వచ్చే నష్టమేమిటని తర్వాత అడిగారు. రెండో ప్రశ్న కోపంతో అడిగింది, ఆ కోపం న్యాయమైనదే. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో ముప్ఫై నాలుగేళ్ల పాటు పత్తి, మిర్చి చేలల్లో పురుగులు లెక్కపెట్టడమే ఉద్యోగంగా బతికిన నాకు కూడా అలాంటి కోపం చాలాసార్లు వచ్చింది. అయినా మీరు పండించే కాయతోనే సమాధానం మొదలుపెడతాను, ఎందుకంటే దానిలోని కారం పురుగుల వల్ల వచ్చిందే.

మిరప మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికాలో పుట్టి, పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి చేరింది. బొలీవియాలో ఇప్పటికీ అడవి మిరప పెరుగుతుంది. అక్కడ ఒకే జాతి మొక్కల్లో కొన్నింటి కాయలు ఘాటుగానూ, పక్కనే ఉన్న మరికొన్నింటి కాయలు పూర్తిగా చప్పగానూ ఉండడం శాస్త్రవేత్తలకు వింతగా తోచింది. ఎన్నో ఏళ్లు అక్కడ తిరిగి చూసి 2008లో వారు ప్రచురించిన సంగతి ఇది. రసం పీల్చే పురుగులు కాయకు ముక్కు గుచ్చినప్పుడు, ఆ సన్నటి రంధ్రంలోంచి ఫ్యుజేరియం అనే బూజు లోపలికి దిగి విత్తనాలను చంపుతుంది. కారానికి మూలమైన కాప్సైసిన్ ఆ బూజును అణిచిపెడుతుంది. పురుగుల తాకిడి ఎక్కువగా ఉన్న చోట దాదాపు మొక్కలన్నీ కారం కాయలే కాస్తాయి, తక్కువగా ఉన్న చోట చప్ప మొక్కలు కూడా బతికి బట్టకడతాయి. విత్తనాన్ని నమిలి పాడుచేసే ఎలుకలు కారానికి జడిసి కాయను వదిలేస్తాయి, కారం తెలియని పక్షులు కాయను మింగి విత్తనాన్ని దూరాన వేసి వస్తాయి. ఇదంతా మనిషి ఆ మొక్కను చూడకముందే జరిగిపోయింది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పగానే ముక్కుకు తగిలే ఘాటుకు పురుగు పొడిచిన గాయమే ఒక కారణమన్న మాట.

పొగాకు కథ కూడా ఇలాంటిదే. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కార్యాలయం గుంటూరులోనే ఉంది కాబట్టి ఈ పంట గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొగాకు మొక్క తన వేళ్లలో నికోటిన్ తయారుచేసి ఆకులకు పంపడం మన సరదా కోసం కాదు, ఆకు తినే పురుగు నరాలను దెబ్బతీయడం కోసం. తులసి వాసన, వేప చేదు, ఆవ ఘాటు, కాఫీ గింజలోని కెఫీన్ అన్నీ ఈ వరుసలోనివే. మొక్క పారిపోలేదు కాబట్టి విషం వండుకుంటుంది, పురుగు దాన్ని జీర్ణం చేసుకునే ఉపాయం కనిపెడుతుంది, మొక్క మరో విషం వండుతుంది. ఈ పోటీ కోట్ల ఏళ్లుగా సాగుతోంది. మీ మందు ఎందుకు పనిచేయలేదన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక పుట్టుక సంగతి. పురుగుకు దగ్గరి చుట్టాలు సాలీడులో జెర్రులో అని చాలామంది అనుకుంటారు, నేను చదువుకునే రోజుల్లో జెర్రులని పుస్తకాల్లోనే ఉండేది. జన్యువులను పోల్చి చూసిన తర్వాత తేలిందేమిటంటే, కీటకాలు రొయ్యలూ పీతల వంశంలోంచి విడివడిన శాఖ. సముద్రపు గుహల్లో బతికే రెమిపీడ్లు అనే గుడ్డి జీవులు వాటికి అందరికన్నా దగ్గరి జ్ఞాతులు. కృష్ణా జిల్లా చెరువుల్లో పెంచే రొయ్యకూ, మీ చేలోని తామర పురుగుకూ మూలపురుషుడు ఒక్కడే. పైన గట్టి కైటిన్ పెంకు, లోపల కండ, పెరగాలంటే ఆ పెంకును విడిచి కొత్తది తొడుక్కోవాలి. ఈ పద్ధతి ఇద్దరికీ పుట్టింటి నుంచి వచ్చిందే. రొయ్య చెరువులో పెంకు విడవడాన్ని రైతు ఎంత ఆదుర్దాగా చూస్తాడో, చేలో పురుగు పెంకు విడవకుండా ఆపే మందును అంత ధర పెట్టి కొంటాడు.

2014లో వెలువడిన ఒక పెద్ద జన్యు అధ్యయనం ప్రకారం కీటకాల మూలం 48 కోట్ల ఏళ్ల కిందటిది. అంటే నేల మీద మొక్కలు నాచులా మొదలైన కాలానికి దగ్గరలోనే ఇవీ ఒడ్డెక్కాయి. 40 కోట్ల ఏళ్ల కింద వాటికి రెక్కలు వచ్చాయి. ఆ రెక్క కాలి మొదట్లోని భాగం నుంచి మొలిచిందా, వీపు పెంకు అంచు సాగి ఏర్పడిందా అన్న వాదం ఇంకా తెగలేదు, రెండూ కలిశాయనే వారి వైపే నేను మొగ్గుతాను. ఎలా వచ్చినా, ఎగిరే సరీసృపాలు పుట్టేదాకా, అంటే 15 కోట్ల ఏళ్లకు పైగా, ఆకాశంలో పురుగు తప్ప మరో ఎగిరే ప్రాణి లేదు.

ఆ ఏకఛత్రాధిపత్యంలోనే రాక్షస తూనీగలు తిరిగాయి. ఫ్రాన్స్‌లోని కొమాంత్రీ బొగ్గు గనుల్లో దొరికిన మెగాన్యూరా అనే తూనీగజాతి జీవికి 1885లో పేరు పెట్టారు. దాని రెక్కల చాపు రెండడుగులు దాటుతుంది. కీటకానికి ఊపిరితిత్తులు ఉండవు, పక్కల్లోని రంధ్రాల నుంచి సన్నటి గొట్టాలు గాలిని నేరుగా కండ దాకా మోస్తాయి. ఒళ్లు పెరిగే కొద్దీ ఈ ఏర్పాటు చాలదు. ఇప్పుడు గాలిలో 21 శాతంగా ఉన్న ఆక్సిజన్ బొగ్గుగా మారిన ఆ కార్బోనిఫెరస్ యుగపు అడవుల కాలంలో 30 శాతం దాకా ఉండేదని అంచనా, అందువల్లే అంత పెద్ద ఒళ్లు సాధ్యమైందని చాలామంది చెబుతారు. వేటాడే పక్షి లేకపోవడం కూడా కలిసొచ్చి ఉండాలి. మన దేశపు గోండ్వానా బొగ్గు ఆ తర్వాతి పెర్మియన్ యుగపు అడవులది కాబట్టి, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో కాలుతున్నది పురుగులు ముసిరిన అడవే.

పెద్దవన్నీ పోయాయి. చిన్నవి మిగిలాయి, మిగలడానికి రెండు ఉపాయాలు బాగా ఉపయోగపడ్డాయి. ఒకటి రెక్కను వీపు మీదకు మడుచుకోవడం. తూనీగకు ఈ విద్య రాదు, అందుకే వాలినా రెక్కలు చాచుకునే ఉంటుంది. మడత వచ్చిన పురుగు బెరడు సందులో, మట్టి పెళ్ల కింద, పువ్వు పొట్టలో దూరగలిగింది. రెండోది సంపూర్ణ రూపవిక్రియ, అంటే పిల్ల పురుగుకూ పెద్ద పురుగుకూ పూర్తిగా వేరువేరు రూపాలుండడం. గొంగళి పురుగు ఆకు తింటుంది, దాని తల్లి రెక్కల పురుగై తేనె తాగుతుంది. బిడ్డకూ తల్లికీ ఒకే కంచం దగ్గర తగాదా లేదు. మీకు తెలిసిన శనగపచ్చ పురుగు ఇందుకు మంచి ఉదాహరణ: గుడ్డు లేత కొమ్మ మీద, పిల్ల పురుగు కాయలో, కోశం మట్టిలో, రెక్కల పురుగు రాత్రి గాలిలో. నేడు పేరు పెట్టిన పది లక్షల కీటక జాతుల్లో పదింట ఎనిమిదికి పైగా ఈ పద్ధతివే. అందులోనూ పెంకు పురుగులే నాలుగు లక్షల దాకా ఉన్నాయి, అంటే పేరున్న ప్రతి నాలుగు జంతుజాతుల్లో ఒకటి పెంకు పురుగు.

25 కోట్ల ఏళ్ల కింద, పెర్మియన్ యుగం చివర, భూమి మీద జీవం దాదాపు తుడిచిపెట్టుకుపోయిన విపత్తులో కీటకాలు కూడా కొన్ని గణాలకు గణాలే పోగొట్టుకున్నాయి. డైనోసార్లను తీసుకుపోయిన తర్వాతి విపత్తు వాటిని అంతగా కదిలించలేకపోయింది.

మన కథకు అసలు మలుపు పువ్వు. 13 కోట్ల ఏళ్ల కిందటి నుంచి పూల మొక్కలు నేలంతా కమ్ముకోవడం మొదలైంది. అంతకు ముందు మొక్కల పుప్పొడిని ఎక్కువగా గాలే మోసేది. అయితే పురుగు పువ్వు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు, పువ్వు లేని మొక్కల దగ్గరే ఆ పని మొదలుపెట్టింది. స్పెయిన్‌లోని ఆలవా దగ్గర దొరికిన, పది కోట్ల ఏళ్లు దాటిన జిగురు శిలాజంలో, ఒళ్లంతా పుప్పొడి అంటుకున్న సన్నటి పురుగులు కనిపించాయి. ఆ పుప్పొడి పూల మొక్కలది కాదు, అంతకన్నా పాత విత్తన మొక్కలది. దాన్ని పట్టుకోవడానికి వాటి ఒంటి మీద ఉంగరాలు తొడిగినట్టుండే ప్రత్యేకమైన వెంట్రుకలు కూడా ఉన్నాయి. ఆ పురుగులు ఏమిటో చెబితే మీకు నచ్చకపోవచ్చు: అవి తామర పురుగులు. ఇప్పుడు మీ మిరప పువ్వులో చేరి మిమ్మల్ని ఏడిపిస్తున్న వంశమే, ఒకనాడు పుప్పొడి తినబోయి మొక్కకు మోతగాడిగా మారిన తొలి జీవుల్లో ఒకటి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంత నిశితంగా కుదిరిందో చూడాలంటే పెరట్లో వంకాయ పువ్వు దగ్గర పొద్దున్నే పది నిమిషాలు నిలబడండి. దాని పసుపు కేసరాలు పక్కకు చీలవు, కొసన సూది బెజ్జమంత రంధ్రం మాత్రమే ఉంటుంది. తేనెటీగ వచ్చినా ఒట్టి చేతులతో పోతుంది. తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్లతో బిగించి పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను అదిలిస్తుంది. ఝుమ్మనే నాదం ఒక్కసారి స్థాయి మారుతుంది, పుప్పొడి ఉప్పు డబ్బాలోంచి ఉప్పు రాలినట్టు దాని పొట్ట మీద రాలుతుంది. మన కవిత్వంలో ఝుంకారం అందం కోసం వస్తుంది, వంకాయకు మాత్రం అదే తాళంచెవి.

మేడిపండు లోపల పురుగులుంటాయన్న మాటను మనం పై మెరుగుల మీద ఎత్తిపొడుపుగా వాడతాం. ఆ పురుగులు లేకపోతే మేడి చెట్టే లేదు. కాయ అడుగున ఉన్న చిన్న కన్నంలోంచి గింజంత కందిరీగ దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే దాని రెక్కలు అక్కడే ఊడిపోతాయి. లోపలి పువ్వులకు పుప్పొడి పూసి, కొన్నింటిలో గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. పుట్టిన మగవాటికి రెక్కలుండవు, ఆడవాటితో కలిసి, అవి బయటపడడానికి సొరంగం తొలిచి, వెలుగులో బతికే యోగం లేకుండానే పోతాయి. ఈ ఒప్పందం వయసు ఏడు కోట్ల ఏళ్ల పైమాటే.

పుట్టల గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్ట పాము కట్టింది కాదు, చెదపురుగులు కట్టింది. పాము అద్దె ఇవ్వని అతిథి మాత్రమే. చెదలు నిజానికి బొద్దింకల సంతతి. పుట్టలు పెట్టే చెదలు ఎండుపుల్లలు, ఆకులు మోసుకొచ్చి పుట్ట లోపల తేమగా ఉండే గదుల్లో ఒక బూజును సాగుచేసి దాన్ని తింటాయి. తొలకరికి ఆ బూజే పుట్టను చీల్చుకుని గొడుగులా పైకి వస్తుంది కాబట్టి మన పెద్దలు దానికి పుట్టగొడుగు అని సరిగ్గా పేరు పెట్టారు. మనిషి వ్యవసాయం నేర్చి పది పన్నెండు వేల ఏళ్లయితే, వీటిది దాదాపు మూడు కోట్ల ఏళ్ల సేద్యం. ఎండిన కట్టె మళ్లీ మట్టి కావడం వెనుక వాటి శ్రమ ఎంతో ఉంది.

అందుకని పురుగులన్నీ మాయమైతే ఏమవుతుందన్న మీ ప్రశ్నకు, మనిషి నాలుగేళ్లలో ఆకలితో చస్తాడని చెప్పే వారితో నేను ఏకీభవించను. వరి, గోధుమ, మొక్కజొన్నలకు పురుగుతో పని లేదు, అన్నం దొరుకుతుంది. పక్కన కూర ఏమి ఉంటుందన్నదే సందేహం. గుమ్మడి, దోస, కాకర, పొద్దుతిరుగుడు, మామిడి దెబ్బతింటాయి. నేటి పూల మొక్కల జాతుల్లో పదింట తొమ్మిదికి దగ్గరగా ప్రాణుల సాయంతోనే గింజ కడతాయి, ఆ ప్రాణుల్లో అధికం కీటకాలే. దీన్ని రూపాయల్లో చూడాలంటే ఏలూరు వైపు ఆయిల్ పామ్ తోటలకు వెళ్లండి. మలేషియాలో 1981 దాకా కూలీలు చెట్టు చెట్టుకూ తిరిగి చేత్తో పుప్పొడి చల్లేవారు. ఆ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా కాబట్టి, కామెరూన్ నుంచి ఒక ముక్కు పురుగును తెచ్చి వదిలాక ఆ కూలి ఖర్చే పోయింది. 1985లో అదే పురుగును మన దేశానికి తెచ్చారు, నేటికీ తోటల్లో జీతం లేకుండా పనిచేస్తోంది.

పురుగు చేసిన చెడు తక్కువేమీ కాదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులోనే. ఆ దోమ వల్ల పోయిన ప్రాణాల ముందు మీ నష్టం, నా కోపం రెండూ చిన్నవి.

ఇప్పుడు మీ పదకొండు పిచికారీల సంగతి. 1914లోనే అమెరికాలో మెలాండర్ అనే శాస్త్రవేత్త, పండ్ల తోటల్లో పొలుసు పురుగు గంధకపు మందుకు లొంగడం లేదని గమనించి, పురుగులు మందులకు తట్టుకోవడం నేర్చుకుంటాయా అని ప్రశ్నించాడు. డీడీటీకి పురుగును చంపే గుణం ఉందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి వచ్చేనాటికే కొన్ని దేశాల్లో ఇంటి ఈగ దాన్ని లెక్కచేయడం మానేసింది. పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునేలా పత్తిలో 2002లో వచ్చిన బీటీ విత్తనం మీద గులాబీ రంగు పురుగు గెలిచిన సంగతి 2010లో గుజరాత్‌లో బయటపడింది, ఆ తర్వాత మన చేలలోనూ చూశాం. ప్రతిసారీ మనం ఆశ్చర్యపోతాం, ఆశ్చర్యపోవలసిన అవసరం లేదు. మందు కొత్తదే గాని, విషాన్ని విరగ్గొట్టే ఎంజైములు పురుగు కడుపులో కోట్ల ఏళ్ల నుంచి ఉన్నాయి. మీరు కొట్టే మందుల్లో ఇమిడాక్లోప్రిడ్ ఉంటుంది కదా, అది పురుగు నరాల్లో నికోటిన్ పట్టుకునే చోటునే పట్టుకుంటుంది. పొగాకు నారుమళ్లను కొరుక్కుతినే లద్దె పురుగు అలాంటి విషాన్ని ఎప్పుడో జీర్ణించుకుంది. దోషం మీ పంపుది కాదు.

తామర పురుగుకు మరో సౌకర్యం ఉంది. మగదానితో కలవకుండా ఆడది పెట్టిన గుడ్ల నుంచి కూడా పిల్లలు వస్తాయి, అవన్నీ మగవే. వాటికి తల్లి నుంచి వచ్చిన ఒక్క వరుస జన్యువులే ఉంటాయి కాబట్టి, మందును తట్టుకునే జన్యువు మరో దాని చాటున దాగి ఉండదు. ఉన్నది బతుకుతుంది, లేనిది ఆ పిచికారీకే పోతుంది. రెండు మూడు వారాలకు ఒక తరం చొప్పున ఈ జల్లెడ సాగితే ఒక్క పంట కాలంలోనే తట్టుకునే సంతతి చేనంతా నిండుతుంది. అదీగాక నల్ల తామర పురుగు గుడ్డును మొక్క కణజాలం లోపల పెడుతుంది, నిద్రావస్థను మట్టిలో గడుపుతుంది, మిగతా కాలం పువ్వు లోపల దాగుతుంది. ఆకు మీద పడిన మందు వీటిలో దేనికీ సరిగా తగలదు. ఆగ్నేయాసియాకు చెందిన ఈ జాతిని మన దేశంలో మొదట 2015లో బెంగళూరు బొప్పాయి మీద గుర్తించారు, 2021లో గుంటూరు మిర్చిని ముంచింది. దాని శత్రువులు వెంట రాలేదు, ఇక్కడున్న శత్రువులను మనం మందుతో చంపుకున్నాం.

ఈ చివరి మాట ఒకరిని తప్పుపట్టడానికి అనడం లేదు. 1980ల మధ్యలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు అప్పుడప్పుడే వచ్చాయి. చిలకలూరిపేట దగ్గర ఒక ఊళ్లో పత్తి రైతులకు వాటిని గట్టిగా సిఫారసు చేసింది నేనే. మొదటి రెండు పిచికారీలకు కాయ తొలిచే పురుగు రాలిపోతే నన్ను పిలిచి భోజనం పెట్టారు. నెల తిరిగేసరికి, పంటను తినే పురుగులను తినే అక్షింతల పురుగు గాని, అల్లిక రెక్కల పురుగు గాని వెతికినా కనిపించని ఆ చేలల్లో తెల్లదోమ పొగలా లేచింది, ఆకులు జిగురు కారి మసి పట్టాయి. నాకు అన్నం వడ్డించిన ఇంటి పెద్దాయన ఒక ఆకు తెంపి నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. నల్లబడిన ఆ వేళ్లను కాలువలో కడుక్కున్నాను గాని, ఆ తర్వాత శత్రు పురుగుల కన్నా ముందు మిత్ర పురుగులను లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను.

మీరు కూడా పన్నెండో పిచికారీకి ముందు ఒక పని చేయండి. పొద్దున ఎండ ముదరకముందే చేలో నాలుగు మూలలా, మధ్యలో తిరిగి పది మొక్కలు ఎంచుకోండి. తెల్ల కాగితం మీద ఒక్కొక్క పువ్వునూ మెల్లగా తట్టండి. నువ్వు గింజలో సగం కూడా లేని నల్లటి గీతలు పరుగెడితే అవి మీ శత్రువులు. భూతద్దం ఉంటే రెక్క చూడండి, అది రేకులా కాక పీచు కుచ్చులా ఉంటుంది. అంత చిన్న ఒంటికి గాలి నీళ్లలా చిక్కగా తగులుతుంది కాబట్టి తెడ్డు వేసినట్టు ఈదుతూ ఎగురుతుంది. వాటి మధ్య కోణాకారపు వీపుతో, నలుపు తెలుపు మచ్చలతో కాస్త పెద్ద నల్లి లాంటిది ఒకటి చకచకా తిరుగుతూ కనిపిస్తే, అది తామర పురుగును పొడుచుకు తినే మిత్రుడు. రెండింటినీ విడివిడిగా లెక్కరాసి, తామర పురుగులు అంటుకునే నీలి రంగు జిగురు అట్టలు ఎన్ని పెట్టారో, ఇప్పటిదాకా కొట్టిన మందుల పేర్లు ఏ వరుసలో ఉన్నాయో కూడా కలిపి పంపండి. వాటిలో ఎన్ని ఒకే కుటుంబానికి చెందిన మందులో చూసి, ఏది ఆపాలో చెబుతాను.